జిగ్మంట్ తువ్వాళ్లు మడిచి సరంగులను గట్టెక్కించిన వైనము

ఈరీ సరోవరము గడ్డకట్టుటకు మనసొప్పకయు, కరగి పారుటకు ధైర్యము చాలకయు తీరమంతట బూడిదరంగు నురుగు కక్కుచుండగా. ఉత్తరపు గాలి అలలమీదుగా మంచును మోసికొనివచ్చి, పోర్ట్ కాలెన్ పురవాసులు ఉదయమున పారలతో ఎత్తిపోసిన చోటనే మధ్యాహ్నమునకు మరల కుమ్మరించుచుండగా. పండుగనాటి క్రిస్మసు చెట్లు వీధి ప్రక్కకును, కొత్త సంవత్సరపు ప్రతిజ్ఞలు గాలికిని వదలివేయబడిన ఆ జనవరి తొలి ఆదివారమున, పుల్లర్ వీధిలో ఆకుపచ్చ తలుపు గల యింటి నేలమాళిగయందు, కదనరంగమునకు వందల మైళ్ల దూరమున, కదనరంగమున నున్నవారెవ్వరికిని తెలియకుండ ఒక మహాసంగ్రామము జరిగెను. ఆ సంగ్రామపు గాథ యిది. వినువారికి ఓపికయు, చెప్పువానికి ఒక గ్లాసు చల్లని బీరును ఉన్న చాలును.

ఆగస్టు మాసమున ఆ యూర ప్రతి మానవుడును ప్రవక్తయే. మంగలి కుర్చీలో మెడ వంచినవాడును, చర్చి మెట్లపై ఫాదరుతో చేయి కలిపినవాడును, బారు బల్లపై మోచేతులానించినవాడును పలుకు మహావాక్యమొక్కటే: ఈ ఏడు మనదే. డిసెంబరు వచ్చునప్పటికి ప్రవక్తలందరును గణితజ్ఞులగుదురు. వీరు గెలిచి, వారు ఓడి, పడమటి వారిద్దరు సరిసమానముగ ముగించి, దక్షిణపు వారి బంతి విసరువానికి మోకాలు నొప్పిచేసినచో, మనము ఓడినను కప్పు పోరులగు ప్లేఆఫ్ చేరుదుమని వ్రేళ్లు మడిచి నిరూపింతురు. జనవరి వచ్చునప్పటికి ఆ గణితజ్ఞులే వేదాంతులై, వచ్చే ఏడు చూద్దామని మంచు తోడుకొనబోదురు. ఇంతటి జోస్యములకు కారణమైన ఆ యూరి అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు పేరు సరంగులు. ఛాతీపై చుక్కాని గుర్తుగా గల ఆకుపచ్చ వీరులు. వారు ప్లేఆఫ్ గడప తొక్కి పదిహేడేండ్లయ్యెను.

ఈ ప్రవక్తలలో అగ్రగణ్యుడు, హిమసంహారి, పురపాలక సంఘపు మంచుతోడు బండికి సారథి, పీపాకు దీటైన వక్షమును ఆ వక్షమును మించిన ఉదరమును గలవాడు జిగ్మంట్ దుదెక్. లోకమతనిని జిగ్గీ యని పిలుచును. ఆకుపచ్చ జెర్సీయే అతని కవచము. అక్టోబరులో సరంగులు వరుసగా గెలువనారంభించిన నాటినుండి ఆ కవచమునకు నీటిస్పర్శ లేదు. ఉతికినచో మురికితోబాటు అదృష్టమును తూమున బడి పోవునని అతని సిద్ధాంతము. భర్త మెట్లు దిగకమునుపే అతని రాకను అతని భార్య ఐరీన్ ముక్కుతో తెలిసికొనుచుండెను.

ఆ నేలమాళిగ నడుమ, టీవీకి సూటిగా, గోధుమరంగు తోలు వాలుకుర్చీ యొకటి కలదు. ప్రక్కనున్న మీట లాగినచో కాళ్లు పైకి లేచును. లేచునప్పుడు ఆకలిగొన్న దూడవలె అరచును. మునుపు అందు జిగ్గీ తండ్రి ఆసీనుడయ్యెడివాడు. ప్రతి ఆగస్టునందును భార్య పేరునాటి, అనగా ఆమె పేరుగల పునీతుల పండుగనాటి, విందులో, పెరటి బల్లచుట్టు బంధుజనము కూడియుండగా లేచి నిలిచి, ఈ ఏడు మనదే యని చాటెడివాడు. ఆ మాట ఒక్క ఏట ఫలించెను. ఆ మరుసటి వసంతము రాకమునుపే ఆయన పోయెను. కుర్చీయు జోస్యమును కొడుకునకు దక్కెను. నాటినుండి జిగ్గీ ప్రతి ఆగస్టునను తండ్రి మాటను తండ్రి గొంతుతోనే పలుకుచుండెను; ప్రతి జనవరియందును ఆ మాట అబద్ధమగుచుండెను. అందరును నవ్వుచుండిరి, అతడును నవ్వుచుండెను. కాని తండ్రి మాటను తాను ఏటేట బొంకుగా మార్చుచున్నానని లోలోపల అతనికి బాధగనే యుండెను.

ఇక ప్రతినాయకుడు. అతడు నార్బర్ట్ హెస్, జిగ్గీ అక్క లొరెయిన్‌ను పెండ్లాడి పోర్ట్ కాలెన్ చేరిన గొట్టాల మేస్త్రి. పుట్టినది సమ్మెటల పురమున. సమ్మెటలనగా సరంగులకు తరతరాల పగవారు. పసుపు జెర్సీపై నల్ల సమ్మెట వారి చిహ్నము. ఆ పసుపు జెర్సీ తొడిగికొని అత్తవారింట విందునకు కూర్చుండగల గుండె ఆ జిల్లాలో నార్బర్టునకు తక్క వేరెవ్వరికిని లేదు. గడచిన ఆగస్టున జిగ్గీ లేచి మహావాక్యము పలికి కూర్చుండగనే అతడు పళ్లెము ప్రక్కకు నెట్టెను.

"ఏం బామ్మర్దీ, ఏటా ఇదే పాటేనా? ఈసారి తప్పితే ఆ వాలుకుర్చీ నాది. వచ్చే ఏడాది జోస్యం కూడా నేనే చెప్తా. మీ ఊరికి కాస్త మార్పుగా ఉంటుంది."

అప్పుడు దుదెక్ కులతిలకుడు జిగ్మంటు కన్నులెర్రజేసి, ఈరీ సరోవరము ఇంకి ఎడారియైనను, ఉత్తరపు గాలి ఉన్నికోటు తొడిగికొనినను, నా తండ్రి ఆసనమును పసుపుబట్టవాడు అధిష్ఠించుట కల్ల. సరంగుల నావ ఈ ఏడు ఒడ్డు చేరకున్నచో ఈ సింహాసనమును నా భుజములపైననే మోసికొనివచ్చి నీ యింట దింపుదును గాక యని అర్థమువచ్చునట్లు, నోటినిండ సాసేజి ఉండుటచే సంక్షేపముగా పలికెను.

"పట్టుకుపో బావా. దమ్ముంటే."

అట్లు పందెము కుదిరెను. కుర్చీ పోయినచో జోస్యమును పోవును. జోస్యము పోయినచో తండ్రి గొంతు ఆ యింట మరల వినబడదు. ఆ సంగతి జిగ్గీ ఎవ్వరితోను అనలేదు.

ఇట్లుండగా శరత్తు గడచెను, హేమంతము గడచెను, లీగు ఆటల కడపటి ఆదివారము వచ్చెను. మధ్యాహ్నపు ఆటలో సరంగులు బురదలో పొర్లియు, బంతిని జారవిడిచియు, ఎదుటివారంతకంటె ఎక్కువ జారవిడుచుటచే గెలిచిరి. టీవీలో కోటు తొడిగిన మహాజోస్యులు పటములు తెరచి, గుణించి, భాగించి, మిగిలిన చిక్కుముడి ఒక్కటేయని తేల్చిరి. సాయంకాలపు ఆటలో గొడ్డళ్ల జట్టు ఓడినచో సరంగులకు ప్లేఆఫ్. గెలిచినచో గొడ్డళ్లకు ప్లేఆఫ్, సరంగులకు మంచు. గొడ్డళ్లతో తలపడువారెవ్వరు? సమ్మెటలు.

విధి వక్రించుట యనిన నిదియే. ముప్పదేండ్లుగా సమ్మెటల ఓటమిని నిత్యపూజవలె కోరుకొనిన జిగ్గీ ఇప్పుడు వారి గెలుపును కోరవలెను. నార్బర్టు సంకటము అంతకంటె చిన్నది కాదు. సమ్మెటలు గెలిచిరా, కుర్చీ పోవును. ఓడిరా, కుర్చీ దక్కును గాని చేతులార తన జట్టు ఓటమిని కోరిన పాపము చుట్టుకొనును. పైపెచ్చు సమ్మెటలకు ప్లేఆఫ్ ఇదివరకే ఖాయమైయుండుటచే వారి హేమాహేమీలందరును దుప్పట్లు కప్పుకొని బల్లలపై కూర్చుండి వేడి సూపు త్రాగుచుండిరి. రంగమున దిగినది ఊరుపేరులేని రెండవ వరుసవారు. బావయు బామ్మర్దియు ఒకరి మొగమొకరు చూచుకొనక టీవీయెదుట కూర్చుండిరి, ఒకడు కుర్చీలో, ఒకడు ప్రక్కనున్న సోఫాలో.

సోఫా రెండవ కొనయందు జపమాలయు, బీట్‌రూటు పచ్చడి గిన్నెయు ముందుంచుకొని, కాళ్లపై కంబళి కప్పుకొని కూర్చున్నది జిగ్గీ తల్లి స్టెఫానియా. వీధియంతయు ఆమెను బుషా యనును, అనగా అవ్వ. ఆటను గూర్చి ఆమెకు తెలియని నియమములుండెనేమో గాని, ఆటను గెలిపించు నియమములలో ఆమెకు తెలియనిది లేదు. పైన వంటింట లొరెయిన్ ఉల్లిపాయలు వేయించుచుండ, ఐరీన్ బట్టలుతుకు పనిలో మెట్లు దిగుచు నెక్కుచునుండెను. ఉతుకుయంత్రమును ఆరబెట్టు యంత్రమును గల చిన్నగది ఆ నేలమాళిగ మూలనే, టీవీ కనబడని చోటున కలదు.

యుద్ధము మొదలైన కొంతసేపటికే సమ్మెటల కుఱ్ఱవాడొకడు బంతి పట్టి పరుగు తీసెను. పుట్టుబుద్ధి చంపుకొనలేక నార్బర్టు ఎగిరి లేచెను. మోకాలు తగిలి గిన్నె లేచెను. రక్తవర్ణమైన బీట్‌రూటు పచ్చడి పసుపు జెర్సీపై సమ్మెటకు సరిగ్గా మీదుగా కూలబడెను. యుద్ధమున తొలి నెత్తురు చిందిన చోటది.

ఐరీన్ చేయి చాచెను. "ఇటివ్వు అన్నయ్యా, ఎండిందంటే పోదు."

"ఉతుకు చెల్లెమ్మా," అని నార్బర్టు జెర్సీ విప్పి, జిగ్గీ వంక చూచుచు ఇచ్చెను. "మాకు మురికి మీద అంత భక్తి లేదు."

జిగ్గీ వినియు విననట్లుండెను. అతని మనసు మనసులో లేదు. సమ్మెటల చేతికి బంతి వచ్చినపుడెల్ల ప్రభువా వీరిని గెలిపించుమని ప్రార్థింపవలెనని అతడు నిశ్చయించుకొనియుండెను. కాని ముప్పదేండ్ల అలవాటు పెదవులకంటుకొనియుండెను. బంతి సమ్మెటల చేత పడగనే ఆ పెదవులు తమంతట తామే కదలి, పడిపో, పడిపో యని గొణుగుచుండెను. గొణిగినపుడెల్ల సమ్మెటలు పడిపోవుచుండిరి. గొడ్డళ్లు ముందునకు సాగిపోవుచుండిరి.

అంతలో ఆరబెట్టు యంత్రము కూత పెట్టెను. మెట్లపైనుండి ఐరీన్ తొంగిచూచెను.

"ఏమయ్యా, ఊరికే గొణుక్కుంటూ కూర్చునే బదులు ఆ తువ్వాళ్లు కాస్త మడతపెట్టరాదూ."

సామాన్యదినమైనచో అతడు తిరుగబడెడివాడు. ఆనాడు ఓటమి కన్నులారా చూచుటకంటె తువ్వాలు మేలనిపించి లేచిపోయెను. వేడి తువ్వాలు నొకదానిని తీసి, అంచు అంచునకు కలిపి, రెండు మడతలు వేసి, మూడవది వేయబోవుచుండగా టీవీ గర్జించెను. సమ్మెటలు గొడ్డళ్ల కోట గోడ దూకిరి. జిగ్గీ తువ్వాలు పారవైచి పరుగున వచ్చి కుర్చీలో పడెను. పడిన మరుక్షణమే సమ్మెటలు బంతి జారవిడిచిరి.

ఇదొకమారైనచో కాకతాళీయమందుము. కుప్పలో మిగిలిన తువ్వాళ్లకై అతడు మరల పోయెను. మరల సమ్మెటలు చెలరేగిరి. మరల వచ్చి కూర్చుండెను, మరల చతికిలబడిరి. బుషా జపమాల త్రిప్పుట ఆపెను. ఆమె చూపు కొడుకునుండి టీవీకిని, టీవీనుండి మూలగదికిని, అచటినుండి కొడుకు పెదవులకును తిరిగి వచ్చెను.

"ఒరే జిగ్గీ, లే."

"ఎందుకమ్మా?"

"నువ్వా గదిలో ఉంటే వాళ్లు కొడుతున్నారు. ఇక్కడ కూర్చుంటే పడుతున్నారు. నీ నోరు చూశావా, దానంతటదే తిడుతోంది. నీ కంట్లో దిష్టి ఉందిరా. పో, పోయి బట్టలు మడతపెట్టు."

నార్బర్టునకు కుర్చీ కాళ్లు తనవద్దనుండి నడచిపోవుచున్నట్లు తోచెను. అతడు గొట్టాల మేస్త్రి; నీరు పల్లమునకే పోవునని నమ్మినవాడు. ఆట అక్కడెక్కడో వందల మైళ్ల దూరమున జరుగుచున్నదనియు, ఇక్కడ తువ్వాలు మడిచినచో అక్కడివాని కాలికి బలమెట్లు వచ్చుననియు సవినయముగా వాదించెను. బుషా అల్లునివైపు తిరిగి, అట్లయినచో పోయిన వారము నీ జట్టు ఆడునపుడు నీవు ఎడమకాలి మేజోడు లోపలివైపు వెలికివచ్చునట్లు ఏల తొడిగితివని అడిగెను. నార్బర్టు ఎడమకాలిని సోఫా క్రిందికి లాగుకొనెను.

జిగ్గీ మాత్రము కదలలేదు. ఇరు హస్తములతో కుర్చీ చేతులను పట్టుకొనియుండెను.

"అమ్మా, పదిహేడేళ్లు ఎదురుచూశాను. తీరా వచ్చాక చూడకపోతే ఎలా?"

"చూస్తే జరగదు. జరగాలంటే చూడకు. రెండిట్లో నీకేది కావాలో తేల్చుకో."

రాజ్యములు త్యజించినవారిని గూర్చి మనము వినియున్నాము. టీవీ త్యజించినవానిని గూర్చి వినుట యిదియే తొలిసారి. జిగ్మంట్ దుదెక్ లేచెను. మీటను నెట్టి కాళ్లపీటను దింపెను, కుర్చీ అరచెను. తండ్రి తల ఆనియానియు నునుపుదేలిన తోలుపై ఒకమారు చేయి వేసి, సొంత యింట ప్రవాసియై, తలవంచుకొని మూలగదికి నడచెను. ఐరీన్ మాత్రము ఎట్టి విచారమును పొందక పైనుండి మరియొక బుట్టెడు బట్టలు తెచ్చి అతని ముందు క్రుమ్మరించిపోయెను.

ఇక ఆ గదిలో జరిగిన ఘోరమును ఏమని వర్ణింపవచ్చును? అతడు ముఖపు తువ్వాళ్లను మడిచెను, స్నానపు తువ్వాళ్లను మడిచెను. చేతిరుమాళ్ల దండును మోకరిల్లజేసెను. దిండుగలీబుల పొగరణచి చతురస్రములుగా పేర్చెను. నాలుగు మూలలకు రబ్బరు గల పరుపు దుప్పటి, లోకమున ఎవ్వనికిని లొంగనిది, రెండుమారులు జారి, మూడవమారు మెడకు చుట్టుకొని, తుదకు గడ్డము క్రింద నొక్కిపట్టబడి, బుట్టలో కూలెను. అతని వ్రేళ్లు మడచునంతసేపు ఆవల గదిలో కేకలు మిన్నుముట్టుచుండెను. చెమట తుడుచుకొనుటకు ఆగిన, మూలుగులు వినబడుచుండెను. తువ్వాలు ఆకుపచ్చదైనచో ఎక్కువ దూరము సాగుదురనియు, మేజోళ్లకు అంత మహిమ లేదనియు అతడు కనిపెట్టెను. ఆ విధముగా పోర్ట్ కాలెన్ ప్రవక్త ఒక్క సాయంకాలమున చాకలిశాస్త్రమంతయు గ్రహించెను.

కాని ఎంతటి అక్షయతూణీరమైనను అడుగు తేలక మానదు. ఆట ముగియుటకు ఇక నిమిషమున్నదనగా బుట్టలన్నియు నిండెను, కుప్ప కరిగెను, మడుచుటకు నూలుపోగు మిగులలేదు. మడిచినవానిని విప్పి మరల మడిచి చూచెను. రెండవ మడతలో సారము లేకపోయెను. గొడ్డళ్లు రెండు పాయింట్లు ముందంజ వేసిరి. తరువాత సమ్మెటలు కుంటుచు, ప్రాకుచు, బంతిని తన్నదగినంత దూరమునకు చేర్చిరి. గడియారమున రెప్పపాటు కాలము మిగిలెను. ఇక మిగిలినది ఒక్క తన్ను: రెండు స్తంభముల నడుమనుండి బంతి పోయినచో సమ్మెటలకు మూడు పాయింట్లు, గొడ్డళ్లకు చావు, సరంగులకు ప్లేఆఫ్. తన్నవలసినవాడు ఆ సంవత్సరమంతయు దుప్పటి కప్పుకొని కూర్చున్న కుఱ్ఱవాడు. సోఫానుండి బుషా గొంతు ఖంగున మ్రోగెను.

"ఏం చేస్తున్నావురా? చేతులు ఆగాయా?"

"అయిపోయాయమ్మా. ఇంకేం లేవు."

"యంత్రంలో చూడు."

ఆరబెట్టు యంత్రము అప్పుడే కూతపెట్టి ఆగియుండెను. జిగ్గీ తలుపు తెరచెను. వేడి ఆవిరి మొగమునకు తగిలెను. లోపల, ఒంటరిగా, ఐరీన్ ఉతికి ఆరవేసిన పసుపు జెర్సీ పడియుండెను.

వెనుక కొకప్పుడు పురపాలక సంఘము మంచుబండ్లకు పసుపురంగు వేయించినపుడు తన బండిని నడుపుటకు మూడు దినములు నిరాకరించిన మానధనుడతడు. అరటిపండునైనను తొక్క ఒలిచి యిచ్చిన గాని ముట్టడు. అట్టివాడు ఇప్పుడు ఆ పసుపును చేతబట్టి, గుండెకానించి, నలుగకుండ మడువవలెను. ఊరక చుట్టి పారవైచిన సరిపోవునా యని ఒక క్షణము ఆశపడెను. సరిపోదని అతనికి తెలియును. అర్ధమనస్కముగా మడిచిన మేజోళ్ల గతి అతడు చూచియే యున్నాడు.

ఆవల టీవీలో కుఱ్ఱవాడు మంచుమీద అడుగులు కొలుచుకొనుచున్నాడని వ్యాఖ్యాత చెప్పుచుండెను. జిగ్గీ జెర్సీని బయటకు తీసి యంత్రముపై పరచెను. పచ్చడి మరక పూర్తిగా పోలేదు. సమ్మెటమీద గులాబిరంగు నీడ మిగిలియుండెను. అతడు ముడుతలను అరచేతితో సాపుచేసెను. కుడిచేయి లోపలికి, ఎడమచేయి లోపలికి. ఆదివారము చర్చికి తొడుగు చొక్కాను మడుచు పద్ధతిని బాల్యమున తల్లి నేర్పినట్లే, మెడపట్టీ పైకివచ్చునట్లు మడిచెను. కడపటి మడత వేయుచు కన్నులు మూసికొనెను. ఆ మహావీరుని ఆశీర్వచనమిది:

"కొట్టి చావండ్రా."

మీది వంటింట ఉల్లిపాయల చప్పుడు సైతము ఆగెను. అపుడొక గొంతు, సింహనాదమును ఎద్దురంకెను కలిపి మరిగించిన గొంతు, నేలమాళిగను దద్దరిల్లజేసెను. అది నార్బర్టు గొంతు. అది దుఃఖము కాదు. మనుజుడు తన జట్టు గెలిచినపుడు తక్క అట్లు అరవడు.

అంతటితో జిగ్గీకి తెలిసిపోయెను. పదిహేడేండ్లు ఎదురుచూచిన వార్త పగవాని కేకగా వచ్చి అతని చెవిని చేరెను. జిగ్గీ మడిచిన తువ్వాళ్ల బుట్టపై కూలబడి, నవ్వుచున్నాడో ఏడ్చుచున్నాడో తనకే తెలియక, ఆ పసుపు జెర్సీనే ఒడిలో పట్టుకొని కొంతసేపుండెను.

అతడు బయటకు వచ్చునప్పటికి నార్బర్టు బనియనుతో సోఫామీద నిలుచుండి రెండు చేతులు పైకెత్తియుండెను. కుర్చీ సంగతి అతనికి అప్పుడే గుర్తువచ్చినట్లుండెను. చేతులు మెల్లమెల్లగా దిగెను. సోఫా దిగి, బామ్మర్ది చేతిలోని మడతను అందుకొని, మెడపట్టీని, అంచులను, చేతులు కుదిరిన తీరును తేరిపార చూచెను.

"మా అమ్మ కూడా ఇంత బాగా మడిచేది కాదురా," అనెను. తరువాత కుర్చీవైపు చేయి చూపెను. "కూర్చో. నీదే. వచ్చే ఏడు కూడా నువ్వే చెప్పు, ఏం చేస్తాం, వింటాం."

టీవీలో ఆ తన్ను మరల చూపుచుండిరి. జిగ్గీ గుమ్మమునొద్దనే ఆగి చేయి కనులకడ్డము పెట్టుకొనియుండెను. చూచినచో బంతి వెనుకకు వచ్చునేమోయని అతని భయము. అయిపోయినదానికి దిష్టి తగులదని బుషా అభయమిచ్చిన తరువాతనే చేయి తీసి చూచెను. బంతి ఎడమ స్తంభమునకు తగిలి, ఏమిచేయవలెనో తోచక ఒక్క క్షణమాగి, లోపలివైపునకు పడెను. మరల చూపిరి, మరల పడెను. ఎన్నిమారులు చూపినను లోపలనే పడుచుండెను. అది అతనికి మిక్కిలి బాగుండెను.

తుదకు సింహాసనము నధిష్ఠింపబోవుచుండగా తల్లి గద్దించెను. శనివారము సరంగులకు తొలి ప్లేఆఫ్ పోరాటము. శత్రువులెవ్వరనిన, విధి హాస్యప్రియుడు గనుక, సమ్మెటలే. బుషా తీర్పు సూటిగా వచ్చెను.

"శనివారం కూడా నువ్వా గదిలోనే. ఇప్పుడు పద్ధతి మార్చావంటే ఊరు నిన్ను బతకనివ్వదు."

"అమ్మా, గెలిచింది నేను. కుర్చీ నాది. ఇందులో కూర్చుని ఒక్క ప్లేఆఫ్ చూడనీయవా? నాన్న చూసినట్టు."

బుషా జపమాలను ఒడిలో పెట్టుకొనెను.

"మీ నాన్న ఎక్కడ చూశాడురా? ఆ రోజు ఈ కుర్చీ ఖాళీ. తను చూస్తే ఓడిపోతారని పెరట్లో మంచు తోడుతూ నిలబడ్డాడు. గెలిచారని నేనే కిటికీలోంచి చెప్పాను. పార పట్టుకునే ఏడ్చాడు. ఎవరికీ చెప్పొద్దన్నాడు."

జిగ్గీ ఆ తోలుకుర్చీని కొత్తగా చూచినట్లు చూచెను. తండ్రి సింహాసనమందు సమస్తమును చూచి సుఖించెనని ఇంతకాలము తలచినవానికి, ఆ ఆసనము అసలు పోరునాడు ఖాళీగనే ఉండెనని తెలిసి, విచిత్రముగా గుండె తేలికయ్యెను. పెరటి కిటికీవైపు ఒకమారు చూచి, చొక్కా చేతితో ముక్కు తుడుచుకొనెను. మొదట ఊపిరి తీసికొనినవాడు నార్బర్టు.

"అయితే ఓ పని చేద్దాం బామ్మర్దీ. నువ్వు లోపలికి పోవాలంటే పో. కుర్చీని కూడా లోపలికి మోద్దాం. టీవీ కనిపించదుగా, అత్తయ్య నియమానికీ భంగం లేదు."

బుషా ఆలోచించి, కనబడని కుర్చీకి దోషము లేదనెను. అంతట ఆ ఇరువురు బద్ధవైరులు ఆ మహాసనమును చెరియొక ప్రక్కను ఎత్తిరి. అది గుమ్మమున ఇరుకుకొనెను. ఇటు తిప్పిరి, అటు తిప్పిరి. నార్బర్టు గొట్టములు వంచు విద్యను, జిగ్గీ మంచుగుట్టలు త్రోయు బలమును ప్రయోగించిరి. గుమ్మపు రంగు కొంత చెక్కుకొనిపోయెను. తుదకు ఉతుకుయంత్రమునకును ఆరబెట్టు యంత్రమునకును నడుమ ఆ సింహాసనము ప్రతిష్ఠితమయ్యెను. జిగ్మంట్ దుదెక్ అందాసీనుడై, మీట లాగెను. కుర్చీ అరచెను, కాళ్లు పైకి లేచెను, అరికాళ్లు ఉతుకుయంత్రపు వెచ్చని రేకునకానెను. ఎదుట సబ్బుపొడి డబ్బా తప్ప మరేమియు కనబడలేదు.

ఐరీన్ గుమ్మమున నిలుచుండి, నిండిన బుట్టలను, వరుసలు తీరిన తువ్వాళ్లను, లోకమున ఎవ్వనికిని లొంగని పరుపు దుప్పటి లొంగిన చందమును పరికించెను. ఆమె వివాహజీవితమున ఇట్టి దృశ్యము అదియే ప్రథమము.

"శనివారానికి కర్టెన్లు కూడా ఉతికి పెడతాలే," అనెను. పిమ్మట అతని ఛాతీపై చుక్కాని గుర్తును చూచి, ముక్కు చిట్లించి, చేయి చాచెను. "దాన్ని కూడా ఇటిస్తే ఓ పనైపోతుంది."

జిగ్గీ రెండు చేతులతోను జెర్సీని గట్టిగా పట్టుకొనెను. సోఫానుండి బుషాయు, ఆమె ప్రక్కన పసుపు తొడిగికొనుచున్న నార్బర్టును ఒక్కసారిగా వద్దని తలలూపిరి.

కావున ఓ జనులారా, చెవియొగ్గుడు. దండయాత్రలు, కోటలు, కిరీటములు గెలిచినవారిని ఎందరనో లోకము కొనియాడుచునే యున్నది. ఆ జనవరి ఆదివారపు సాయంకాలమున, బయట మంచు మరల కురియుచుండగా, పుల్లర్ వీధిలో ఆకుపచ్చ తలుపు గల యింట, చరిత్రయందు మొట్టమొదటిమారు ఉతికిన బట్టలన్నియు మడతపడెను. ఉతుకవలసినది ఒక్కటే మిగిలెను. దాని జోలికి ఎవ్వరును పోలేదు.